కంచరగాడిద మీద ఆసుపత్రి

1938 సెప్టెంబరు 15న ఉత్తర చైనాలోని ఊతై కొండల్లో, సోంగ్‌యాన్‌కో అనే పల్లెలో ఒక ఆసుపత్రి మొదలైంది. ఊళ్ళో ఉన్న పాత గుడి దానికి ఆధారం. చుట్టుపక్కల రైతులు, కోలుకుంటున్న సైనికులు, వడ్రంగులు కలిసి అయిదు వారాలు కష్టపడి దాన్ని తయారు చేశారు. ఆపరేషన్ గది, గాయాలు కట్టే గది, మందుల గది, పాఠాలు చెప్పడానికి ఒక చోటు, అన్నీ అమర్చుకున్నారు. పేరు ‘మోడల్ హాస్పిటల్’. ఆ ప్రాంతంలో జపాను సైన్యంతో గెరిల్లా యుద్ధం చేస్తున్న ఎనిమిదో రూట్ సైన్యానికి ఇదొక నమూనాగా ఉండాలని దాన్ని కట్టించినవాడి ఆశ. ప్రారంభం రోజున జనం విరగబడి వచ్చారు. ఉపన్యాసాలు జరిగాయి.

కొద్ది వారాల్లోనే జపాను సైన్యం వచ్చి దాన్ని నేలమట్టం చేసింది.

కట్టించినవాడు కెనడా డాక్టరు నార్మన్ బెతూన్. గెరిల్లా యుద్ధంలో ఒకచోట పాతుకున్న ఆసుపత్రి నిలవదని సైనికాధికారులు ముందే చెప్పి చూశారంటారు. వినే మనిషి కాదు. ఎవరి మాటా వినకపోవడం అతనికి జీవితమంతా ఉన్న జబ్బు. అయితే ఆ బూడిద చూశాక పంతం పట్టి మళ్ళీ అక్కడే కట్టలేదు. ఆసుపత్రి అంటే ఏమిటో మొదటినుంచీ ఆలోచించుకున్నాడు. బెతూన్ గురించి నాకు ఆసక్తి పుట్టింది ఇక్కడే. అతను వీరుడని చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. టెడ్ అలన్, సిడ్నీ గోర్డన్ రాసిన ప్రసిద్ధ జీవితచరిత్ర తెలుగులోనూ వచ్చింది. ఒక తరం తెలుగు పాఠకులకి బెతూన్ పేరు అలాగే తెలుసు. ఆ పుస్తకం అతన్ని కాస్త ఎక్కువే నునుపుగా చెక్కిందని నా అభిప్రాయం. గరుకుగా ఉన్న మనిషే నాకు ఎక్కువ నచ్చుతాడు.

టొరంటో నుంచి కారులో ఉత్తరంగా రెండు గంటలు వెళ్తే గ్రేవెన్‌హర్స్ట్ అనే ఊరొస్తుంది. సరస్సులు, పైన్ చెట్లు, వేసవి విడుదుల ప్రాంతం. 1890లో అక్కడ ఒక ప్రెస్బిటేరియన్ పాస్టరు గారింట్లో పుట్టాడు బెతూన్. తాతగారు పేరున్న డాక్టరు. ఆయన పేరే మనవడికి పెట్టారు. వైద్యం చదువుతూ మధ్యలో మానేసి 1911లో అడవుల్లో కలప కొట్టే కూలీల దగ్గరికి వెళ్ళాడు. పగలంతా వాళ్ళతో పాటు గొడ్డలి పట్టడం, రాత్రి లాంతరు వెలుగులో వాళ్ళకి ఇంగ్లీషు నేర్పడం. ఫ్రాంటియర్ కాలేజీ అనే సంస్థ ఇలాంటి కూలీ-పంతుళ్ళని పంపేది. చైనాలో అతను చేసిన పనికి మూలం ఈ లాంతరు బడిలోనే ఉందని నాకనిపిస్తుంది. జీవితచరిత్రకారులు మాత్రం దీన్ని ఒక పేజీలో తేల్చేస్తారు.

మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డవాళ్ళని స్ట్రెచర్ మీద మోసే పనికి చేరాడు. 1915లో ఈప్రా దగ్గర కాలికి గుండు ముక్కలు తగిలి వెనక్కొచ్చాడు, చదువు పూర్తి చేశాడు. తర్వాత డెట్రాయిట్‌లో ప్రాక్టీసు. 1926లో క్షయ. ఆ రోజుల్లో క్షయకి మందు లేదు. మన మదనపల్లె ఆరోగ్యవరం కూడా ఆ కాలపు శానటోరియమే. మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి, ఇదే చికిత్స. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూడో శానటోరియంలో మంచం మీద పడుకుని చావు కోసం ఎదురుచూస్తూ ఒక వైద్యగ్రంథం తిరగేశాడు. సూదితో ఛాతీలోకి గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసి, దానికి విశ్రాంతి ఇచ్చే పద్ధతి ఒకటుందని తెలిసింది. నాకది చెయ్యండని పట్టుబట్టాడు. చేశారు, బతికాడు.

బతికాక మాంట్రియల్ వెళ్ళి ఛాతీ శస్త్రచికిత్సలో దిగాడు. చెప్పులు కుట్టేవాడి పనిముట్టు ఒకటి చూసి, పక్కటెముకలు కత్తిరించే కొత్త కత్తెర తయారు చేయించాడు. దాన్ని చాలాకాలం సర్జన్లు వాడారు. అయితే అది ఆర్థిక మాంద్యం కాలం. ఆపరేషన్ చేసి బాగుచేసి పంపిన మనిషి మళ్ళీ అదే చీకటి గదికీ, అదే ఖాళీ కంచానికీ వెళ్ళి, మళ్ళీ జబ్బుతో తిరిగొచ్చేవాడు. డబ్బున్నవాడి క్షయ వేరు, పేదవాడి క్షయ వేరు, మొదటివాడు కోలుకుంటాడు, రెండోవాడు పోతాడు అని బెతూన్ తేల్చుకున్నది అప్పుడే. 1935లో సోవియట్ యూనియన్ చూసొచ్చాడు, కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1936లో మాంట్రియల్ డాక్టర్ల సభలో వైద్యంలోంచి లాభం తీసెయ్యాలని వాదించాడు. కొందరు డాక్టర్లని, నర్సులని కూడగట్టి ప్రభుత్వమే అందరికీ వైద్యం అందించే పథకాలు తయారుచేసి నాయకుల ముందు పెట్టాడు. పట్టించుకున్న నాథుడు లేడు. ఈనాడు కెనడాలో హెల్త్ కార్డు చూపించి డబ్బు కట్టకుండా డాక్టర్ని చూసొచ్చే మనవాళ్ళకి, ఆ పథకాన్ని ఒకప్పుడు పిచ్చివాడి మాటలుగా కొట్టిపారేశారంటే వింతగా ఉంటుంది. అది అమల్లోకి రావడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది.

అదే ఏడాది స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. నవంబరు మొదటి వారంలో బెతూన్ మాడ్రిడ్‌లో దిగాడు. ఏ ఆసుపత్రిలోనైనా సర్జన్‌గా కుదురుకోవచ్చు. కాని అక్కడ అతని కంటపడింది వేరు. సైనికుల్లో చాలామంది గాయం వల్ల చావడం లేదు. ఆసుపత్రికి చేరేలోగా రక్తం కారిపోయి చస్తున్నారు. మనిషిని రక్తం దగ్గరికి తీసుకురావడం కాదు, రక్తాన్నే మనిషి దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇది అతను కనిపెట్టిన శాస్త్రమేమీ కాదు. సిట్రేటు కలిపితే రక్తం గడ్డకట్టదని మొదటి యుద్ధం నాటికే తెలుసు. ఆ యుద్ధంలో బ్రిటిష్ సైనిక వైద్యులకి రక్తమార్పిడి అలవాటు చేసినవాళ్ళలో టొరంటో డాక్టరు లారెన్స్ బ్రూస్ రాబర్ట్‌సన్ ఒకడు. స్పెయిన్‌లోనే, బార్సిలోనాలో ఫ్రెడరిక్ దురాన్ జోర్దా అనే డాక్టరు బెతూన్ కంటే కొన్ని నెలల ముందే సీసాల్లో రక్తం నిలవచేసి యుద్ధరంగానికి పంపడం మొదలుపెట్టాడు. ప్రపంచంలో మొదటి సంచార రక్తనిధి బెతూన్‌దేనని కెనడాలో తరచూ చెప్పుకుంటారు గాని, దురాన్ పేరు చెప్పకుండా ఆ మాట అనడం న్యాయం కాదు. బెతూన్ చేసిందల్లా ఆ పని మాడ్రిడ్‌లో, బాంబులు పడుతున్న ఊరి మధ్యలో, మొండిగా నడిపించడం. ప్రిన్సిపె దె వెర్గారా వీధిలో ఒక పెద్ద ఫ్లాట్ ఇచ్చారు. రక్తం కావాలని రేడియోలో, పత్రికల్లో ప్రకటించారు. ఇచ్చేవాళ్ళు వరసలు కట్టారు. రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, మన పాలవాడు పొద్దున్నే ఇంటింటికీ తిరిగినట్టు, బండిలో సీసాలు వేసుకుని ఆసుపత్రులకీ, యుద్ధరంగానికీ తిరిగేవాళ్ళు. అతనికి తోడుగా ఉన్నవాళ్ళలో హేజన్ సైస్ అనే ఆర్కిటెక్టు కూడా ఉన్నాడు. యుద్ధంలో ఎవరి డిగ్రీ ఏమిటని చూసుకునే తీరిక ఉండదు.

1937 ఫిబ్రవరిలో మాలగా పట్టణం ఫ్రాంకో సైన్యం చేతికి చిక్కింది. బెతూన్ బృందం అటు రక్తం తీసుకెళ్తుంటే అల్మెరియా రోడ్డు మీద జనం ఎదురొచ్చారు. పిల్లల్ని చంకనేసుకుని, కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని, దాదాపు రెండువందల కిలోమీటర్లు నడిచి పారిపోతున్న జనం, వేలకి వేలు. పైనుంచి విమానాలు, సముద్రంలోంచి యుద్ధనౌకలు వాళ్ళ మీద కాల్పులు జరుపుతున్నాయి. బండిలో సామాను దింపేసి, పిల్లల్ని, పిల్లల తల్లుల్ని ఎక్కించుకుని మూడు రోజులపాటు రాత్రీపగలూ తిప్పారు. బండి తలుపు దగ్గర నిలబడి ఎవర్ని ఎక్కించాలో, ఎవర్ని వదిలెయ్యాలో తేల్చాల్సిన పని బెతూన్ మీద పడింది. దాని గురించి అతను రాసిన చిన్న పుస్తకం చదివితే, అక్కడినుంచి అతనిలో ఏదో విరిగిందని తెలుస్తుంది.

ఆ తర్వాత స్పెయిన్‌లో ఎక్కువకాలం నిలవలేదు. తాగుడు పెరిగింది. అధికారులతో తగాదాలు, అహంకారం. రక్తసేవని స్పెయిన్ సైనిక వైద్యవిభాగం తన చేతిలోకి తీసుకుంటే సహించలేకపోయాడు. చివరికి తనవాళ్ళే ఇతను వెనక్కెళ్తే మేలనుకున్నారు. జూన్‌కల్లా కెనడా చేరి, ఊరూరా తిరిగి స్పెయిన్ కోసం చందాలు వసూలు చేశాడు. వేదిక మీద వీరుడు, లోపల వెలివేతకి గురైన మనిషి.

1938 జనవరిలో వాంకూవర్‌లో ఓడెక్కి చైనా బయల్దేరాడు. వెంట జీన్ యూవెన్ అనే కెనడా నర్సు ఉంది, చైనా భాష వచ్చిన మనిషి. ఇద్దరికీ క్షణం పడేది కాదు. తర్వాత ఆవిడ రాసుకున్న జ్ఞాపకాల్లో అతన్ని దేవుణ్ణేమీ చెయ్యలేదు. మార్చి చివర యెనాన్ చేరారు, మావోని కలిశారు. జూన్‌కల్లా బెతూన్ షాన్‌షీ, చహార్, హెబెయ్ రాష్ట్రాల సరిహద్దు ప్రాంతానికి చేరాడు. అక్కడ పట్టణాలు, రైలుదారులు జపాను చేతిలో ఉన్నాయి. మధ్యలో కొండలు, పల్లెలు గెరిల్లాల చేతిలో ఉన్నాయి.

అక్కడి గాయాలు చూసి మొదట మండిపడ్డాడు. పుళ్ళు పట్టిన కట్లు, ఒకే గిన్నెలో నీళ్ళు, చేతులు కడుక్కోని నర్సులు. వాళ్ళని తిట్టాడు. ఆ నర్సుల్లో చాలామంది పదిహేను, పదహారేళ్ళ రైతుబిడ్డలు. మొన్నటిదాకా పొలంలో ఉన్నవాళ్ళు. డాక్టర్లు అని పిలిచేవాళ్ళలోనూ వైద్య కాలేజీ మొహం చూసినవాళ్ళు వేళ్ళమీద లెక్క. ఈ సంగతి అర్థమయ్యాక ఉత్తరాల్లో అతని స్వరం మారిపోతుంది. తన పని ఆపరేషన్లు చెయ్యడం కాదు, చేసేవాళ్ళని తయారు చెయ్యడం అని రాయడం మొదలుపెట్టాడు. సోంగ్‌యాన్‌కో ఆసుపత్రిని కూడా ముందు బడిగానే అనుకున్నాడు. కాకపోతే బడికి గోడలు అవసరమనుకున్నాడు.

గోడలు పోయాక రెండు పనులు చేశాడు. ఒకటి, ఆసుపత్రిని కంచరగాడిద మీదకి ఎక్కించాడు. అక్కడి రైతులు ఎరువు మోయడానికి వాడే జీను చూసి, అదే పోలికలో చెక్కతో ఒక పెట్టె చేయించాడు. దింపి, మీద పలక వేస్తే అదే కట్లు కట్టే బల్ల. అరల్లో మందులు, కత్తులు, కట్టుగుడ్డలు, బద్దలు. జంతువు మీద పెడితే వంతెనలా కనిపించేదని, జపానుతో యుద్ధం రాజుకున్న లూకో వంతెన పేరే దానికి పెట్టాడు. రెండు మూడు జంతువుల మీద ఆపరేషన్ గది మొత్తం కదిలేది. పోరు జరిగే చోటికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఏదో ఒక గుడిలో దింపి, అరగంటలో పని మొదలు. 1939 ఏప్రిల్‌లో చీహుయ్ పోరులో 69 గంటల్లో 115 ఆపరేషన్లు ఇలాగే చేశారు. ఫ్రిజ్ లేదు కాబట్టి నిలవరక్తం లేదు. పల్లెజనంలోనే రక్తదాతల జాబితా తయారుచేశాడు. ఒంట్లోంచి రక్తం తీస్తే ప్రాణం పోతుందని భయపడ్డ జనం ముందు మొదట తనే పడుకుని తన రక్తం ఎక్కించాడు. తర్వాత ఊళ్ళోవాళ్ళు ముందుకొచ్చారు.

రెండో పని పుస్తకం రాయడం. గెరిల్లా యుద్ధంలో క్షేత్ర ఆసుపత్రి ఎలా నడపాలి, బద్ద ఎలా చెయ్యాలి, మరుగుదొడ్డి ఎక్కడ తవ్వాలి, బొమ్మలతో సహా. దుబాసీ అనువదిస్తుంటే రాత్రుళ్ళు టైపు చేస్తూ కూచునేవాడు. పొద్దున బోధన, పగలు ఆపరేషన్లు. పల్లెల్లో వడ్రంగి, కమ్మరి చేసివ్వగలిగిన పరికరాలే వాడాలని నియమం పెట్టుకున్నాడు. బయటినుంచి సాయం వస్తుందన్న ఆశ పోవడం దీనికొక కారణం. న్యూయార్క్ కమిటీకి రాసిన ఉత్తరాలకి జవాబుల్లేవు, డబ్బు అందలేదు. ఈలోగా కెనడా నుంచి జపానుకి నికెల్ ఓడలు వెళ్తూనే ఉన్నాయి. ఒకే దేశం ఒక చేత్తో గుండుకి లోహం, ఇంకో చేత్తో గాయానికి డాక్టర్ని పంపడం కొత్తేమీ కాదు, పాతబడ్డదీ కాదు.

మందులు ఎక్కడినుంచి వచ్చేవంటారా? కేథలీన్ హాల్ అనే న్యూజీలండ్ మిషనరీ నర్సు హెబెయ్‌లో ఒక పల్లెలో చిన్న ఆసుపత్రి నడిపేది. బెతూన్ ఆమెని వెళ్ళి అడిగాడు. తండ్రి మతాన్ని వదిలేసిన పాస్టరు కొడుకు, కమ్యూనిస్టు, ఒక మిషనరీని బతిమాలుకోవడం! ఆవిడ ఒప్పుకుంది. జపాను చేతిలో ఉన్న పెకింగ్ వెళ్ళి మందులు కొని, చెక్‌పోస్టులు దాటించి తెచ్చేది. చివరికి జపానువాళ్ళు పసిగట్టి ఆమె మిషన్‌ని తగలబెట్టారు, ఆమెని చైనానుంచి పంపించేశారు. బెతూన్ కథ చెప్పేటప్పుడు ఆమెని ఒక వాక్యంలో సరిపెట్టేవాళ్ళంటే నాకు కోపం. ఆ దారి మూసుకుపోయాక అతనికి ఏమైందో చూడండి.

1939 అక్టోబరు చివర కెనడా వెళ్ళి డబ్బు, మందులు సేకరించుకు రావాలని సిద్ధమయ్యాడు. అప్పుడే లైయువాన్ వైపు పోరు మొదలైంది. ప్రయాణం ఆపుకుని వెళ్ళాడు. తొందరలో ఆపరేషన్ చేస్తుంటే వేలు తెగింది. రబ్బరు తొడుగులు అప్పటికే అయిపోయాయి. కొద్ది రోజులకి, తల మీద చీముపట్టిన సైనికుడికి అదే వేలితో, వట్టి చేత్తో ఆపరేషన్ చేశాడు. చెయ్యి వాచింది, జ్వరం, రక్తమంతా విషం. సల్ఫా మందులు అప్పటికి నాలుగేళ్ళుగా ప్రపంచంలో ఉన్నాయి. ఆ కొండల్లో లేవు. నవంబరు 12న హ్వాంగ్‌షీకో అనే పల్లెలో ఒక రైతు ఇంట్లో చనిపోయాడు. వయసు 49. నెల తిరిగాక మావో అతని గురించి రాసిన చిన్న వ్యాసం తర్వాతి కాలంలో చైనా పిల్లలందరూ కంఠస్థం చేసే పాఠమైంది.

ఇక్కడ మన దేశం కథలోకి వస్తుంది. 1938 సెప్టెంబరులో, సోంగ్‌యాన్‌కోలో ఆసుపత్రి తెరిచిన ఆ నెలలోనే, కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్ల బృందం బొంబాయిలో ఓడెక్కింది. అటల్, చోల్కర్, కోట్నిస్, బసు, ముఖర్జీ. వాళ్ళలో ద్వారకానాథ్ కోట్నిస్‌ది షోలాపూర్. తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలీల మగ్గాల చప్పుడు, తెలుగు మాట వీధి వీధినా వినిపించే ఊరు. వెళ్ళేటప్పటికి 27 ఏళ్ళు. చైనాలో ఉండగానే తండ్రి పోయిన కబురు అందింది. తిరిగి రాలేదు. బెతూన్ పోయిన మరుసటేడు ఆ సరిహద్దు ప్రాంతం చేరాడు కాబట్టి ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు. కాని బెతూన్ పేరు పెట్టిన ఆరోగ్య పాఠశాలలో కోట్నిస్ పాఠాలు చెప్పాడు. బెతూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి 1941లో డైరెక్టరయ్యాడు. అనువాదకుడితో పని లేకుండా చైనా భాషలోనే బోధించాడు, ఆ భాషలోనే శస్త్రచికిత్స పాఠ్యపుస్తకం రాస్తూ వచ్చాడు. ఆ బడిలోనే పనిచేసే క్వో చింగ్‌లాన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. కొడుక్కి ఇండియా, చైనా పేర్లు కలిసొచ్చేలా యిన్‌హ్వా అని పేరు పెట్టుకున్నారు. 1942 డిసెంబరు 9న మూర్ఛ వచ్చి పోయాడు, 32 ఏళ్ళకే. శాంతారాం తీసిన ‘డాక్టర్ కోట్నిస్ కీ అమర్ కహానీ’ మన పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. షీజ్యాజ్వాంగ్‌లోని అమరుల శ్మశానంలో ఇద్దరి సమాధులూ ఉన్నాయి. ఆ బడి, ఆ ఆసుపత్రి ఊళ్ళు మారుతూ, యుద్ధంతో పాటు నడుస్తూ, నిలబడ్డాయి. బడి ఇప్పుడు జిలిన్ విశ్వవిద్యాలయంలో వైద్య విభాగం.

కెనడా మాత్రం అతన్ని చాలాకాలం ఎరగనట్టే ఊరుకుంది. 1970లో చైనాతో దౌత్యసంబంధాలు కుదిరాక గుర్తొచ్చాడు. 1972లో జాతీయ ప్రాముఖ్యం గలవాడని ప్రకటించారు. గ్రేవెన్‌హర్స్ట్ ఇంటిని కొని 1976లో మ్యూజియంగా తెరిచారు. అంతకుముందు గోధుమలు అమ్ముకునేటప్పుడు ఎందుకు గుర్తురాలేదో తెలియదు.

యుద్ధంలో ఆసుపత్రిని కాల్చకూడదని 1949 జెనీవా ఒప్పందాలు చెప్పాయి. 2015 అక్టోబరులో అఫ్ఘానిస్తాన్ కుందుజ్‌లో ఎల్లలెరుగని వైద్యుల ఆసుపత్రి మీద అమెరికా విమానం బాంబులు వేసింది. 42 మంది పోయారు. గోడలకి చట్టం ఇచ్చే రక్షణ అంత. అందుకే మాంట్రియల్ నుంచే వెళ్ళిన ఇంకో సర్జన్‌ని కూడా ఇక్కడ తలుచుకోవాలి. లూసీల్ టీస్‌డేల్ 1961లో రెండు నెలలకని ఉగాండాలో గులు దగ్గరి లాకోర్ ఆసుపత్రికి వెళ్ళింది. భర్త పియెరో కోర్తితో అక్కడే ఉండిపోయింది. 1979లో ఇదీ అమీన్ పతనమైన యుద్ధంలోనూ, తర్వాతి అంతర్యుద్ధంలోనూ రోజుల తరబడి గాయాల్లోంచి ఎముక ముక్కలు ఏరుతూ ఆపరేషన్లు చేసింది. ఆ ముక్కలు చేతి తొడుగుల్ని చీల్చి వేళ్ళని కోసేవి. అలా ఎయిడ్స్ సోకింది. 1985లో తేలింది. తర్వాత కూడా ఏళ్ళపాటు పనిచేసి 1996లో పోయింది.

ఆవిడ ముందు ఉద్యోగానికొచ్చిన కుర్ర డాక్టరు మాథ్యూ లుక్వియా, ఆ ప్రాంతం మనిషే. తిరుగుబాటుదార్లు నర్సుల్ని ఎత్తుకుపోవడానికి వస్తే వాళ్ళ బదులు నన్ను తీసుకెళ్ళండని వెళ్ళినవాడు. 2000లో ఎబోలా వచ్చినప్పుడు అది ఎబోలా అని ముందుగా పసిగట్టి, రోగుల్ని వేరుచేసే వార్డు ఏర్పాటు చేసి, సిబ్బందికి తొడుగులు ఎలా వేసుకోవాలో నేర్పింది అతనే. డిసెంబరు 5న అదే జబ్బుతో పోయాడు. ఆసుపత్రి ఆవరణలో లూసీల్ పక్కనే పాతిపెట్టారు. ఆసుపత్రిని ఇప్పుడు ఉగాండావాళ్ళే నడుపుతున్నారు.